సిస్టర్ తాగిన కొమ్ము

ఫాదర్ నార్సీసో ఇచ్చిన కాగితంలో పదకొండు ప్రశ్నలున్నాయి. మొదటి అయిదింటికీ ఒక్క పూటలో రాసేశాను. సిస్టర్ ఒడీలియా మీకు ఎప్పటి నుంచి తెలుసు, ఏ పనులు చేసేది, ఏం తినేది, ఎలా ప్రార్థించేది, ఎప్పుడైనా కోపగించుకోగా చూశారా. ఇవన్నీ నాకు కొట్టిన పిండే. ముప్పై మూడేళ్ళు ఆమె దగ్గర దుప్పట్లు ఉతికాను. ఆరో ప్రశ్న దగ్గర నా చెయ్యి ఆగిపోయింది.

"ఆమె సుగుణాలలో మీరు మీ జీవితంలో ఆచరించినవి ఏవి? ఆమె జీవితం పక్కన మీ జీవితాన్ని పెట్టి చూసుకుని, ఉదాహరణలతో రాయండి."

సిస్టర్ పోయి నాలుగేళ్ళయింది. ఆమెని పునీతురాలిగా ప్రకటించమని అడగడానికి బిషప్ గారి మనుషులు సాక్ష్యాలు పోగు చేస్తున్నారు. ఫాదర్ నార్సీసో కుర్రవాడు. గడ్డం కింద ఇంకా మొటిమలున్నాయి. మోటారు సైకిల్ మా ఇంటి ముందు ఆపి, హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, "కసిల్డమ్మా, మీ సాక్ష్యం అన్నిటికంటే ముఖ్యం. మీరూ సిస్టరూ ఒక చేతికి రెండు వేళ్ళలాంటి వాళ్ళని ఊరంతా అంటోంది" అన్నాడు.

"ఊరికేం ఫాదర్, అంటూనే ఉంటుంది" అన్నాను.

నాది వినయం అనుకున్నాడు. పుస్తకంలో అది కూడా రాసుకున్నాడు.

ఆ వారమే ఇంకో కబురు వచ్చింది. కాలనీ మూసేస్తున్నారట. ఒకప్పుడు అక్కడ మూడు వందల మంది రోగులుండేవాళ్ళు. మా వైపు ఆ జబ్బుని పేరు పెట్టి అనరు, పెద్దరోగం అంటారు. తర్వాత మాత్రలొచ్చాయి. రెండేళ్ళు మింగితే ఒంట్లో జబ్బు చచ్చిపోయేది. వేళ్ళు మాత్రం తిరిగి మొలవవు. నయమైనవాళ్ళలో ఇల్లున్నవాళ్ళు ఇంటికి పోయారు, లేనివాళ్ళు అక్కడే ముసలివాళ్ళయ్యారు. ఇప్పుడు మిగిలింది నలుగురు. ఆ నలుగురిలో ఒకడు మా తమ్ముడు ఎలీహియో. నెలాఖరులోగా ప్రతివాళ్ళూ బంధువుల ఇంటికైనా వెళ్ళాలి, లేదా రాజధాని అసున్సియోన్‌లో ప్రభుత్వం వాళ్ళ వృద్ధాశ్రమానికైనా పోవాలి.

వాడికున్న బంధువుని నేనొక్కదాన్నే. కాలనీ గేటు నుంచి మా ఇంటికి గంట నడక.

వాడికి పదిహేడేళ్ళప్పుడు వీపు మీద మచ్చ కనబడింది. సూది గుచ్చితే తెలియలేదు. మా నాన్న ఎడ్లబండి కట్టి, వాణ్ణి గేటు దగ్గర దింపి, లోపలికి వెళ్ళేదాకా కూడా ఆగకుండా తిరిగొచ్చాడు. వచ్చి వాడి మంచం, కంచం, చొక్కాలు పెరట్లో కుప్పపోసి కాల్చేశాడు. పొయ్యిలోంచి నిప్పు తెచ్చి ఇచ్చింది నేనే. అప్పటి నుంచి మా అమ్మ ప్రతి శనివారం నన్ను దీపం దగ్గర నిలబెట్టి, జాకెట్టు విప్పించి ఒళ్ళంతా చూసేది. పెళ్ళయి వెళ్ళేదాకా చూసింది. ఆ భయం నాకు ఎముకల్లో దిగింది.

చెట్టు మీద పడి మా ఆయన పోయాక, నాకు ముప్పై ఆరేళ్ళప్పుడు కాలనీలో ఉతుకుడు పనికి చేరాను. ఎవరూ చెయ్యని పని. "తమ్ముడి కోసం ఎంత తెగించింది" అన్నారు జనం. నిజమే, తమ్ముడి కోసమే చేరాను. కానీ మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకునేదాన్ని. రెండు బారల కర్రతో దుప్పట్లు కాగులో తిప్పేదాన్ని. అన్నీ రెండుసార్లు ఉడకబెట్టేదాన్ని. గురువారం గురువారం ఎలీహియో కోసం జామకాయలు తెచ్చి, వాడి గడప మీద పెట్టి, మూడడుగులు వెనక్కి వచ్చి నిలబడి మాట్లాడేదాన్ని.

మరుసటేడు సిస్టర్ ఒడీలియా వచ్చింది. మంచు దేశం మనిషి, ఎర్రగా కాలిపోయిన ముక్కు. ఆ రోజు మధ్యాహ్నం ఎండ చండప్రచండంగా ఉంది. మామిడిచెట్టు కింద రోగులు గుండ్రంగా కూర్చుని తెరెరే తాగుతున్నారు. తొలిచిన ఎద్దుకొమ్ములో చేదు యెర్బా ఆకు, పైన మంచుముక్కలేసిన నీళ్ళు, పీల్చడానికి అందరికీ ఒకటే గొట్టం. పోసేవాడు పోసి అందిస్తాడు, తాగినవాడు పీల్చి తిరిగి ఇస్తాడు, కొమ్ము పక్కవాడి దగ్గరికి వెళుతుంది. బయటి మనుషులు, డాక్టరుతో సహా, ఆ చెట్టు దగ్గరికి వచ్చేవాళ్ళు కాదు. సిస్టర్ నేరుగా వెళ్ళి వాళ్ళ మధ్య కూలబడింది. ఆమె పక్కన సిల్వానో ఉన్నాడు, పై పెదవి లేని మనిషి. అతను తాగి ఇచ్చిన కొమ్ము పోసేవాడి చేతికి వెళ్ళి, నిండి, ఆమె దగ్గరికి వచ్చింది. ఆమె పీల్చింది. చేదుకి మొహం చిట్లించింది. ఖాళీ కొమ్ము ఇచ్చేసి, తన వంతు మళ్ళీ ఎప్పుడొస్తుందా అని చూస్తూ కూర్చుంది.

నేను దుప్పట్ల బుట్ట పట్టుకుని నిలబడి ఇదంతా చూశాను. ఆ దుప్పట్లు ఆ రోజు మూడుసార్లు ఉడకబెట్టాను.

ఆ రోజు నుంచీ ఆ చెట్టు దగ్గర నాకూ చోటు చూపించడం మొదలుపెట్టారు. పోసేవాడు మా ఎలీహియోనే. రెండు మొండి అరచేతుల మధ్య కూజా పట్టుకుని చుక్క ఒలకకుండా పోసేవాడు. కొమ్ము నా వైపు చాపేవాడు. నేను "థాంక్స్ తమ్ముడూ" అనేదాన్ని. మా దగ్గర కొమ్ము అందిస్తుంటే థాంక్స్ అన్నామంటే ఇక చాలు, కడుపు నిండింది అని. మర్యాదైన మాట. ఎవరూ బలవంతం చెయ్యరు, ఎవరూ తప్పు పట్టరు. ముప్పై ఏడేళ్ళు నేను కడుపు నిండే వచ్చాను.

సిస్టర్‌కి తెలుసు. నవ్వుతూ నన్నే చూసేది. ఆ చూపు వీపు మీద చెయ్యి వేసి ముందుకి నెట్టినట్టుండేది. నోటితో మాత్రం ఒక్కసారే అంది. "కసిల్డా, నువ్వు చాలా మర్యాదస్తురాలివి. ఇన్ని థాంక్సులు నేను ఏ దేశంలోనూ వినలేదు."

నాకు చదువు నేర్పింది సిస్టర్ అని ఊళ్ళో అంటారు. పలకలు ఆమె తెచ్చింది, నిజం. నేర్పింది ఎలీహియో. నాలుగో తరగతి దాకా చదివినవాడు కాలనీలో వాడొక్కడే. సిస్టర్ వాడి మణికట్టుకి గుడ్డతో సుద్దముక్క కట్టి బోర్డు ముందు నిలబెట్టింది. నాకప్పుడు యాభై ఏళ్ళు. చివరి బెంచీలో కూర్చునేదాన్ని. రాసి పలక పైకెత్తితే వాడు కళ్ళు చికిలించి, "కనబడటం లేదక్కా, దగ్గరికి తీసుకురా" అనేవాడు. నేను దగ్గరికి వెళ్ళకుండా చెరిపేసి ఇంకా పెద్దగా రాసేదాన్ని. నా అక్షరాలు ఇప్పటికీ అందుకే అంతంత ఉంటాయి. ఫాదర్ నార్సీసో నాకు రెట్టింపు కాగితాలు ఇవ్వాల్సి వచ్చింది.

*

గురువారం కాలనీకి వెళ్ళాను. చెట్టు కింద ఎలీహియో, ప్లాసిదా ఇద్దరే ఉన్నారు. మిగతా ఇద్దరూ లోపల పడుకున్నారు. ప్లాసిదాకి చూపు పోయి ఇరవై ఏళ్ళయింది. నోరు మాత్రం ఇరవై ఏళ్ళ పిల్లదే.

"వచ్చిందా పునీతురాలి చెల్లెలు?" అంది నా అడుగులు విని. "కాగితం అయిపోయిందా? నా గురించి మంచిగా రాశావా?"

"నీ గురించి అడగలేదు ప్లాసిదా."

"ఎందుకడుగుతారు! నన్ను భరించినందుకే ఆమెని పునీతురాల్ని చేసెయ్యాలి. ఇంకే అద్భుతం అక్కర్లేదు. అది రాయి, నా పేరు మీద రాయి."

ఎలీహియో మొదటి నీళ్ళు ఆకు మీద పోసి వదిలేశాడు. మా దగ్గర మొదటివి పునీత తోమాసు వాటా. రెండోవి తను తాగాడు. మూడోవి ప్లాసిదా తాగింది. నాలుగోసారి నింపి, అలవాటు ప్రకారం నా వైపు చాపాడు. నేను కూడా అలవాటు ప్రకారం థాంక్స్ అన్నాను. వాడు తనే తాగేశాడు.

"రెండు వారాల్లో ఒక శనివారం చూసి బండి మాట్లాడతాను. పెట్టె సర్దుకో. మనింటికి పోదాం" అన్నాను.

"నేను అసున్సియోన్ వెళ్తున్నా. నర్సమ్మకి పేరు ఇచ్చేశాను."

"నీకక్కడ ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. అందుకే."

"పిచ్చిగా మాట్లాడకురా. అక్కని పెట్టుకుని ఆశ్రమానికి పోతావా? నలుగురూ నన్నేమనుకుంటారు?"

"అదీ సంగతి! నలుగురి కోసం పిలుస్తోంది నిన్ను" అంది ప్లాసిదా.

"నువ్వుండు ప్లాసిదా" అన్నాం ఇద్దరమూ ఒకేసారి.

ఎలీహియో కొమ్ము కింద పెట్టాడు. "ఒక్క మాట చెప్పక్కా. మీ ఇంట్లో కొమ్ములెన్ని?"

"రెండు. ఒకటి మీ బావది."

"ఆ బావది నాదవుతుంది. గోడకి ఒక మేకు నాదవుతుంది. దాని కింద నా కంచం, నా చెంచా. నువ్వు వాటిని రోజూ మరిగే నీళ్ళతో కడుగుతావు. ప్రేమగానే కడుగుతావు, నాకు తెలుసు. అసున్సియోన్‌లో పరాయివాళ్ళు నా పేరున మేకు కొట్టినా నాకు పట్టదు. నువ్వు కొడితే పడుతుంది."

చెయ్యి చాపాను. "ఇలా ఇవ్వు. ఇప్పుడే తాగుతాను."

వాడు కొమ్ముని గుండెకి ఆనించుకున్నాడు. "దేనికి? కాగితంలో రాయడానికా?"

ప్లాసిదా నోరు తెరవలేదు. ఆవిడ ఊరుకోవడం నేనదే మొదటిసారి చూడటం.

*

ఇంటికి వచ్చే దారంతా నాకు సిస్టర్ మీద కోపం. ఆమె ఎవరి దగ్గరైనా తాగుతుంది, ఎందుకు తాగదు? రేపు ఆమె ముక్కు ఊడినా మఠం వాళ్ళు మంచం వేసి అన్నం పెడతారు. నాకెవరు పెడతారు? ఉతుకుడు డబ్బులు చాలక తెల్లవారుజామున లేచి చీపా రొట్టెలు కాల్చి, బస్టాండులో అమ్ముకుని బతికేదాన్ని. బస్సు దిగినవాళ్ళు నా దగ్గరే ఎందుకు కొంటారు? కసిల్డా చేతులు శుభ్రం అని. పెద్దరోగం వచ్చినవాడు ఆ ఇంట్లోనే ఉన్నాడని తెలిస్తే ఎవరు కొంటారు? పిల్లా జెల్లా లేని మనిషి, మంచు దేశం నుంచి వచ్చిన మనిషి, నాకు పాఠం చెబుతుందా?

ఇలా తిట్టుకుంటూ వాగు దాటేదాకా వచ్చాను. అక్కడ నా మాట నాకే అబద్ధంగా వినబడింది. ఎలీహియో ఒంట్లో జబ్బు చచ్చిపోయి ఇరవై ఏళ్ళు దాటింది. డాక్టరు ఇచ్చిన కాగితాన్ని నేనే చదివాను, అప్పటికి చదవడం వచ్చింది నాకు. వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాను. "ఇతని నుంచి ఎవరికీ సోకదు." చదివాను, నమ్మాను. మర్నాడు వాడు కొమ్ము చాపితే మళ్ళీ థాంక్స్ అన్నాను.

మూడు రోజులు ఆరో ప్రశ్న ముందు పెట్టుకుని కూర్చున్నాను. నాలుగో రోజు రాశాను. రాసింది తీసుకుని సోమవారం కాలనీకి వెళ్ళాను. నేనేం రాసినా ముందు ఎలీహియో దిద్దాలి. మా ఆయన చెల్లెలికి ఉత్తరం రాసినా, రేషన్ ఆఫీసుకి అర్జీ రాసినా అంతే.

చెట్టు కింద వాడొక్కడే ఉన్నాడు. శనివారం ప్లాసిదా మేనకోడలు వచ్చి ఆవిణ్ణి తీసుకెళ్ళిందట. "బండి ఎక్కుతూ కూడా తిట్టింది. నేను పోసిన తెరెరే నీళ్ళలా ఉంటుందట. ముప్పై ఏళ్ళు తాగాక గుర్తొచ్చింది" అన్నాడు నవ్వుతూ. కానీ ఆవిడ కూర్చునే ముక్కాలి పీట మీద వాడు తన టోపీ పెట్టుకున్నాడు. అక్కడ ఖాళీగా కనబడకుండా.

కాగితాలు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. తాడు కట్టిన కళ్ళజోడు తగిలించుకున్నాడు. ఎర్ర పెన్సిల్ పళ్ళ మధ్య పెట్టుకుని చదవడం మొదలుపెట్టాడు. నేను రాసింది ఇది.

"నేను సిస్టర్ సుగుణాలు ఏవీ ఆచరించలేదు. ఆమె పక్కన ముప్పై మూడేళ్ళున్నాను. ఆమె అందరి దగ్గరా తాగింది. నేను ఎవరి దగ్గరా తాగలేదు. సొంత తమ్ముడి దగ్గర కూడా తాగలేదు. వాడి మంచం కాల్చడానికి నిప్పు నేనే తెచ్చాను. ఊరు నన్ను మంచిదాన్ని అంటుంటే ఊరుకున్నాను. ఆమెకి భయం లేదు. నాకు ఉంది. ఆమె నా తమ్ముణ్ణి నాకంటే ఎక్కువ ప్రేమించింది. ఇంక ఉదాహరణలు లేవు."

వాడు చాలాసేపు చదివాడు. మొదటి నుంచి మళ్ళీ చదివాడు. పెన్సిల్ రెండు మొండి చేతుల మధ్యకి తీసుకుని, ఒక వాక్యం మీద అడ్డంగా గీత గీశాడు.

"ఇది తప్పు. తీసెయ్యి."

వంగి చూశాను. ప్రేమించింది అన్న వాక్యం.

"తప్పేమిట్రా? అదే కదా నిజం."

"నిజం కాదు. సిస్టర్‌కి నేను మూడువందల మందిలో ఒకణ్ణి. అందరికీ సమానంగా పంచింది. నా వాటా నాకొచ్చింది, తక్కువేం రాలేదు, నేను ఫిర్యాదు చెయ్యటం లేదు." వాడు కళ్ళజోడు తీశాడు. "పైర్లన్నీ మంచుకి మాడిపోయిన ఏడు నాకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేసింది, గుర్తుందా? సిల్వానోకీ చేసింది. ఆమె వాడి దగ్గర కూర్చుంది. వాడి పని అయిపోయేలా ఉంది, నేనింకా మాట్లాడుతున్నా. న్యాయమే. నువ్వు బయట వరండాలో బకెట్ బోర్లించుకుని దాని మీద కూర్చున్నావు. రెండు రోజులు. లోపలికి రాలేదు. నువ్వు కదిలినప్పుడల్లా బకెట్ కిర్రుమనేది. మూడొందల్లో ఒకడి కోసం వచ్చిన చప్పుడు కాదది. అది వింటూ బతికాను నేను."

కొంగు లేని మనిషిని, చొక్కా చేతితోనే మొహం తుడుచుకున్నాను.

"అయితే ఇంటికొస్తావా?" అన్నాను.

"అది వేరు, ఇది వేరు." వాడి గొంతు గట్టిగా లేదు, కానీ మెత్తగానూ లేదు. "అప్పుడు ముప్పై పైచిలుకు వయసు, బకెట్ చప్పుడు చాలింది. ఇప్పుడు ముసలాణ్ణయ్యాను. గడప అవతల మనిషి కూర్చుంటే ఇక చాలదు. లోపలికి రావాలి."

మామిడాకుల్లోంచి ఎండ వాడి మోకాళ్ళ మీద మచ్చలు మచ్చలుగా పడుతోంది. కూజాలో మంచు కరిగి టంగుమని పక్కకి ఒరిగింది.

"ప్లాసిదా లేదు" అన్నాను. "ఫాదర్ లేడు. కాగితం నీ దగ్గరే ఉంది, దాంట్లో ఇంకొక్క ముక్క కూడా రాయను. పొయ్యి."

వాడు నన్ను చూశాడు. కూజా అందుకున్నాడు. మొదటివి తోమాసుకి. రెండోవి తను తాగాడు, నిదానంగా, అడుగున గాలి శబ్దం వచ్చేదాకా. మూడోసారి నింపి నా వైపు చాపాడు.

తీసుకున్నాను. గొట్టం కొస తడిగా ఉంది. నాకు మా అమ్మ దీపం గుర్తొచ్చింది, పెరట్లో దూది కాలిన వాసన గుర్తొచ్చింది. సిస్టర్ గుర్తొచ్చి బలమిస్తుందేమో అని చూశాను. ఆమె రాలేదు. వచ్చింది బకెట్ మీద కూర్చున్న నేనే. లోపల వాడి దగ్గు వింటూ, ఒక్క అడుగు, ఒకే ఒక్క అడుగు వేస్తే చాలని కాళ్ళని బతిమాలుకుంటూ.

పెదాలు పెట్టి పీల్చాను. చల్లగా, చేదుగా, పుదీనా వాసనతో ఉంది. గడ్డం మీద నుంచి మెడలోకి కారింది. భయం పోలేదు. అడుగుదాకా తాగాను.

"భయమేసిందా?" అన్నాడు.

"వేసింది."

"సిస్టర్‌కి వేసేది కాదు."

"తెలుసు."

"ఆవిడ నిన్ను చూసి ఒకసారి ఏమందో తెలుసా? 'నాకు భయం లేదు కాబట్టి నేను తాగుతున్నాను ఎలీహియో, ఇందులో నా గొప్పేముంది' అంది. నీకెందుకు చెప్పాలని ఇన్నాళ్ళూ చెప్పలేదు. కోపంగా ఉండేది నీ మీద."

నేను ఖాళీ కొమ్ము ఇచ్చాను. థాంక్స్ అనలేదు. వాడు ఒక్క క్షణం ఆగి, నేను ఏమీ అనడం లేదని చూసి, మళ్ళీ నింపాడు. మూడోసారో నాలుగోసారో తాగుతుండగా నా పెదాల సంగతి మర్చిపోయాను. "ఇంత పుదీనా వేస్తే ఆకు రుచి ఏం తెలుస్తుందిరా? ప్లాసిదా అన్నదాంట్లో తప్పు లేదు" అన్నాను.

"ముప్పై ఏడేళ్ళు చుక్క ముట్టలేదు, ఇప్పుడు వంకలు పెడుతోంది" అన్నాడు. అని కూజాలో మంచుముక్కల కోసం వెతుకుతూ చాలాసేపు మొహం పైకెత్తలేదు.

*

అనుకున్న శనివారం ఎలీహియో మా ఇంటికి వచ్చాడు. ఒక రేకు పెట్టె, రేడియో, బోర్డులోంచి కోసుకున్న చిన్న చెక్క. మా ఆయన కొమ్ము ఎవరికిచ్చేద్దామా అనుకుని, చివరికి దాంట్లో గింజలు పోసి కోళ్ళకి కొలపాత్ర చేశాను.

మర్నాడు పొద్దున్నే అద్దం కిటికీ దగ్గరికి పట్టుకుని పెదవి తిప్పి చూసుకుంటున్నాను. వెనక నుంచి చూశాడు.

"బాగా చూసుకో అక్కా. మచ్చ కనబడితే చెప్పు, నాకూ తోడుంటుంది."

సిగ్గుతో చచ్చాననుకోండి. కానీ మరుసటి రోజు కూడా చూసుకున్నాను. వారం పది రోజులు చూసుకుంటూనే ఉన్నాను. వాడు నవ్వడం మానేసి, "వెలుతురు చాలదు, ఇటు తిరుగు" అని సాయం చెయ్యడం మొదలుపెట్టాడు.

నేననుకున్నదే జరిగింది, బస్టాండులో చీపా అమ్మకం తగ్గింది. అందరూ మానలేదు. డ్రైవర్లు కొంటున్నారు. పట్నం నుంచి వచ్చేవాళ్ళకి ఏమీ తెలియదు, వాళ్ళూ కొంటున్నారు. ఊరివాళ్ళలో కొందరు ఈ మధ్య రొట్టె అరగడం లేదని చెబుతూ పక్కకి చూస్తారు. నాకు వాళ్ళ మీద కోపం రావాలి, రావడం లేదు. నేను వాడికి చెప్పలేదు కానీ మిగిలిన బుట్ట వాడికి కనబడదా? "నేను పెరట్లో కూర్చుంటాలే అక్కా, రోడ్డు మీదికి కనబడకుండా" అన్నాడు. నీ కుర్చీ ఇంటి ముందే ఉంటుంది, కదిపావంటే పొయ్యిలో పెడతానన్నాను. తక్కువ పిండి కలుపుతున్నాను. మిగిలినవి మేమే తింటున్నాం. వాడు కాస్త ఒళ్ళు చేశాడు కూడా.

నిన్న ఫాదర్ నార్సీసో కాగితాల కోసం వచ్చాడు. ఇంటి ముందు కుర్చీ వేశాను. ఎలీహియో అప్పుడే తెరెరే మొదలుపెట్టాడు. ఫాదర్ ఆరో ప్రశ్న జవాబు చదివాడు. ఎర్ర గీత గీసిన వాక్యం దగ్గర ఆగాడు.

"అమ్మా, ఇది సిస్టర్ గురించి రాసినట్టు లేదు. మీ గురించి రాసినట్టుంది."

"ప్రశ్న అలాగే ఉంది ఫాదర్."

"బిషప్ గారి మనుషులు ఇది చూసి ఏమనుకుంటారో..."

"ఏడో దాంట్లో ఆమె గురించి చాలా రాశాను. సిల్వానోని సొంత చేతులతో పాతిపెట్టిన సంగతి రాశాను. ఇది మాత్రం మార్చను."

ఆయన తల ఊపి, కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నాడు. అంతలో ఎలీహియో నేను తాగిచ్చిన కొమ్ము నింపి, రెండు మొండి చేతుల మధ్య పట్టుకుని ఆయన వైపు చాపాడు. వరసలో తర్వాతి మనిషి ఆయనే కదా.

ఫాదర్ నార్సీసో కొమ్ము అందుకున్నాడు. అందుకుని ఆగిపోయాడు. గొట్టం కొస వైపు చూశాడు, ఎలీహియో చేతుల వైపు చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. పాతికేళ్ళ కుర్రాడు. వాళ్ళింట్లో కూడా ఏ అమ్మో దీపం పట్టుకుని ఒళ్ళు చూసే ఉంటుంది.

సిస్టర్ అయితే నవ్వుతూ ఆయన వైపే చూస్తూ ఉండేది. నాకు చేతకాలేదు.

"ఫాదర్, దారిలో పుచ్చకాయ ఏమైనా తిన్నారా?" అన్నాను. "తింటే మాత్రం తాగకండి, కడుపులో విషమైపోతుంది."

మా ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతే. ఎవరైనా తిన్నానంటే, కొమ్ము తాగకుండా తిరిగిచ్చినా ఇంక మారు మాట్లాడరు. ఫాదర్ నా వైపు చూశాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"లేదమ్మా" అన్నాడు మెల్లగా. "తినలేదు."

కొమ్ము ఇంకా ఒళ్ళోనే ఉంది. ఎలీహియో మంచుగడ్డ పగలగొట్టడంలో పడ్డాడు, అక్కర్లేకపోయినా. నాలుగున్నర బస్సు మలుపు తిరిగిన మోత వినబడింది. నేను చీపా బుట్ట నెత్తికెత్తుకుని, వాళ్ళిద్దరి వైపూ తిరగకుండా రోడ్డు మీదికి నడిచాను.

తిరిగి వచ్చేసరికి మోటారు సైకిల్ లేదు. ఎలీహియో ఏదో చెప్పబోయాడు. వద్దన్నాను. ఆ అబ్బాయి సంగతి ఆ అబ్బాయికే ఉండనీ. బుట్టలో మిగిలిన మూడు రొట్టెల్లో వేడిగా ఉన్నది తీసి వాడి ఒళ్ళో పెట్టి, వాడి పక్కన కూర్చున్నాను.